రెండు కొండల ఆడపడుచు

కొండత్త నోటికి ఊరంతా జడిసేది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలు అంటారు గానీ, ఆ ఊరి విషయంలో వాళ్ళ లెక్క తప్పింది. ఆవిడ నోరు మంచిది కాకపోబట్టే ఆ ఊరి కొండ మంచిదైంది. ఇప్పుడు ఆ కొండ మీద మిట్టమధ్యాహ్నం కూడా ఒళ్ళు చల్లబడుతుంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు చెట్లని చూసి ముచ్చటపడి, ఫోటోలు దిగి, ఇదంతా ఎలా చేశారని అడుగుతారు. ఊరివాళ్ళు కొండత్త ఇంటివైపు వేలు చూపిస్తారు. ఆవిడ మాత్రం ఆ మాట ఎత్తగానే వేరే కొండ సంగతి మొదలుపెడుతుంది. అది వినేంత ఓపిక వచ్చినవాళ్ళకి ఉండదు. మనకేం తొందర లేదు కాబట్టి చెప్పుకుందాం.

ఆవిడ ఆ ఊరి పిల్ల కాదు, కోడలు. పుట్టిల్లు గట్టుకి అవతలివైపు. మధ్యలో ఒక వాగు, వాగు దాటితే గట్టు, గట్టు దిగితే ఆవిడ పుట్టిన ఊరు, ఆ ఊరి వెనకాల ఆ ఊరి కొండ. తండ్రి మంచాలు చేసే వడ్రంగి. ఆయన కర్ర కోసం కొండెక్కుతుంటే ఈ పిల్ల తోకలా వెంటపడేది. ఆయన ఒక చెట్టు దగ్గర ఆగి, చుట్టూ తిరిగి, గొడ్డలి వెనకవైపుతో తట్టి చెవి ఆనించి వినేవాడు. "ఏమంది నాన్నా?" అని అడిగితే, "ఇంకో రెండేళ్ళు ఆగమంటోందే" అనేవాడు. పిల్ల నిజమేననుకునేది. దిగేటప్పుడు నాన్న భుజం మీద దుంగ, ఈమె చేతిలో తమ్ముడికోసం రాల్చిన కాయలు. తమ్ముడికి అప్పటికి నడక రాదు. ఆ కొండ మీద ఎంత దట్టంగా ఉండేదంటే, వాన వెలిసిన తర్వాత కూడా చాలాసేపు చెట్ల కింద వాన పడుతూనే ఉండేదని ఆవిడ ఇప్పటికీ చెప్తుంది. చెప్పేటప్పుడు గొంతు చిన్నదవుతుంది. కొండత్త గొంతు చిన్నదయ్యే సందర్భం నాకు తెలిసి అదొక్కటే.

అత్తారింటికి వచ్చాక బతుకు వేరు. మొగుడు తాపీపనివాళ్ళ దగ్గర ఇటుకలు అందించే కూలీ. పని ఉన్నరోజు అన్నం, లేనిరోజు అలక. అలిగితే కడుపు నిండదు కదా, అందుకని ఆవిడ కొడవలి పట్టుకుని కొండెక్కింది. కట్టెలు కొట్టి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని పట్నంలో రొట్టెల బట్టీకీ టీకొట్లకీ వేసేది. ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళది అదే పని. అడవి ప్రభుత్వానిది, ఆకలి వీళ్ళది. మధ్యలో ఒక గార్డు.

ఆ గార్డుకీ కొండత్తకీ పిల్లీ ఎలుకా చెలగాటం. ఆయన కింది దారిన వస్తున్నాడంటే ఈవిడ పై దారిన ఉండేది. దొరికినప్పుడల్లా కొడవలి లాక్కునేవాడు. ఈవిడ మర్నాడే ఇంకోటి కొనుక్కునేది. "నీ కొడవళ్ళతో మా ఆఫీసు గది నిండిపోయింది తల్లీ, ఇహ పెట్టడానికి చోటు లేదు" అని ఆయన మొత్తుకునేవాడు. ఒకసారి తరుముతూ తరుముతూ రాయి మీద కాలు జారి ఆయన మడమ బెణికింది. పారిపోతున్న ఈవిడ వెనక్కి తిరిగి వచ్చి, మోపు అక్కడే పడేసి, ఆయన చెయ్యి తన భుజం మీద వేసుకుని కిందదాకా దింపింది. దింపినంతసేపూ తిడుతూనే ఉంది. "పరిగెత్తడం రానివాడికి ఈ ఉద్యోగం ఎవడిచ్చాడు?" అని అడుగడుక్కీ అడిగింది.

అలా తరిమేవాళ్ళు తరుముతూ, కొట్టేవాళ్ళు కొడుతూ ఉండగా కొండ కాస్తా బోడిగుండయింది. అప్పుడు పైవాళ్ళకి కొత్త ఆలోచన వచ్చింది. ఒకరోజు జీపు వచ్చి బడి అరుగు ముందు ఆగింది. అధికారులు దిగి, అందరినీ కూర్చోబెట్టి, అడవి ప్రభుత్వానిదే గానీ ఇకమీదట కాపలా మీరూ మేమూ కలిసి కాద్దామన్నారు. ఊరి తరఫున ఒక సంఘం, పెరిగిన కర్రలో ఊరికి వాటా. జనం ముందు నమ్మలేదు. "ఇన్నాళ్ళూ దొంగలన్నారు, ఇప్పుడు దొంగ చేతికే తాళాలిస్తారా?" అని టీకొట్టు పెద్దాయన నవ్వాడు. సంఘానికి తర్వాత ఆయనే అధ్యక్షుడయ్యాడు, అది వేరే సంగతి.

ఊరి తరఫున కాపలాకి ఎవరిని పెడదామంటే, గార్డే లేచి కొండత్త పేరు చెప్పాడు. "ఆ కొండ మీద ఎక్కడెక్కడ దాక్కోవచ్చో నాకంటే ఆవిడకే బాగా తెలుసు సార్" అన్నాడు. అరుగంతా గొల్లున నవ్వింది. కొండత్త మాత్రం నవ్వలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి దారి మొదట్లో రాయి మీద కూర్చుంది.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఆవిడ మొహం వెలుగుతుంది. దారి మొదట్లో రేకుల పాక వేశారు. అందులో ఒక బల్ల, మంచినీళ్ళ బిందె, గార్డు టోపీ తగిలించడానికో మేకు. ఎండుపుల్లలు ఏరుకోవచ్చు, పచ్చికొమ్మ కొట్టకూడదు, అదీ నియమం. దిగేవాళ్ళందరి దగ్గరా కొండత్త మోపులోంచి ఒక పుల్ల లాగి విరిచి చూసేది. ఫెటీమని విరిగితే సరే. వంగిందా, ఇక ఆ మనిషి ఏడు తరాలూ దిగొచ్చేవి. సొంత తోడికోడలి మోపులోనే పుల్ల వంగితే, మోపంతా అక్కడే విప్పించింది. తోడికోడలు చాలాకాలం మాట్లాడలేదు. "పీడా పోయింది, చెవులకి విశ్రాంతి" అంది కొండత్త.

గార్డు ఆవిడకి పని నేర్పాడు. నరికిన మోడు నుంచి గుత్తిగా చిగుళ్ళు వస్తాయి. అందులో బలమైనవి ఒకటి రెండు ఉంచి మిగతావి తీసెయ్యాలి. మొదట్లో ఆవిడకి చెయ్యి ఆడేది కాదు. "అన్నీ బతకనిస్తే మీ సొమ్మేం పోయింది గార్డుగారూ?" అనేది. "అన్నీ బతికితే ఏదీ చెట్టవదమ్మా" అనేవాడాయన. వానలు పడ్డాక ఇద్దరూ చెరోవైపు నుంచి మొదలుపెట్టి మోడు మోడుకీ కూర్చుని చిగుళ్ళు తీసేవాళ్ళు. దూరం నుంచే ఒకరినొకరు దెప్పుకునేవాళ్ళు. ఆయన అన్నం డబ్బా తెరిస్తే కూరలో ఉప్పు లేదని ఈవిడ వంక పెట్టేది, తినడం మాత్రం మానేది కాదు. ఏళ్ళు గడిచాయి. చిగుళ్ళు చేతికందనంత ఎత్తయ్యాయి. పిట్టలొచ్చాయి. వాగులో నీళ్ళు ఎండల్లో కూడా నిలబడ్డాయి.

అంతా బాగానే ఉంది. ఒక్క సంగతి తప్ప.

కాపలా మొదలైన కొత్తలో ఆడవాళ్ళు పాక చుట్టూ చేరి నిలదీశారు. బోడికొండ మీద ఎండుపుల్లలు ఏపాటి ఉంటాయి? "పొయ్యిలో ఏం పెట్టమంటావత్తా, నీ మాటలా?" అని సొంత కోడలే అడిగింది. అడిగినదాంట్లో తప్పేముంది. కొండత్త గట్టు మీద నుంచి అవతలి కొండకి వెళ్ళే కాలిదారి చూపించింది. పుట్టింటికి తను నడిచిన దారే. రెండు మూడు నెలల ముచ్చటే కదా, మన కొండ కోలుకునేదాకానే కదా అనుకుంది. తమ్ముడితో ఒక మాట చెప్పింది. అతను అప్పటికి నాన్న పనే చేస్తూ, నాన్న కొట్టంలోనే మంచాలు చేస్తున్నాడు. "నీ ఊరి ఆడవాళ్ళు నాలుగు పుల్లలు ఏరుకుంటే కొండ కరిగిపోతుందా అక్కా" అన్నాడు. వాళ్ళ ఊరివాళ్ళు గొణిగినా, అక్క ఊరివాళ్ళని వెనకేసుకొచ్చాడు.

నెలలు ఏళ్ళయ్యాయి. ఆ సంగతి కొండత్త మళ్ళీ ఎత్తలేదు. ఆవిడ రోజంతా పాకలో ఉండేది, అవతలి కొండకి వెళ్ళే పనే లేదు. తమ్ముణ్ణి చూడాలనిపిస్తే పైటచెంగులో ఏదో మూట కట్టుకుని బస్సెక్కేది. బస్సు రోడ్డు చుట్టూ తిరిగి ఊరి ముందువైపు దింపుతుంది. కొండ ఇళ్ళ వెనకాల ఉంటుంది, అటువైపు ఆవిడ తొంగి చూడలేదు.

కొత్తగా ఒక ఫారెస్టు రేంజరమ్మ వచ్చింది, గార్డుకి పై అధికారి. చిన్న వయసు, మాట నెమ్మది. కొండంతా తిరిగి, బాగుందని మెచ్చుకుని, పాకలో మంచినీళ్ళు తాగుతూ అడిగింది. "మరి మీ ఊళ్ళో పొయ్యిలు దేనితో మండుతున్నాయమ్మా?"

"నిప్పుతో" అంది కొండత్త.

అందరూ నవ్వారు. రేంజరమ్మ కూడా నవ్వి ఊరుకుంది. ఆ రాత్రి కోడలు పొయ్యి దగ్గర పుల్లలు ఎగదోస్తుంటే కొండత్త ఆ పుల్లల్ని చూసీ చూడనట్టు మొహం తిప్పుకుంది.

కొన్నాళ్ళకి మనవడికి మంచం కావాల్సి వచ్చింది. తమ్ముడుండగా బయట కొనడమేమిటని పుట్టింటికి బయల్దేరింది. కొట్టంలో అడుగుపెడితే కర్రపొట్టు వాసన లేదు. ఆ వాసన లేని కొట్టం ఆవిడ ఎప్పుడూ ఎరగదు. నేల ఊడ్చి శుభ్రంగా ఉంది. రంపాలకి గుడ్డ చుట్టి ఉంది. గోడవారగా దుంగలు పేర్చే చోట ఖాళీ నూనె డబ్బాలున్నాయి. తమ్ముడు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. వడ్రంగి చేతులు ఊరికే ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం ఆవిడకి ఏమీ నచ్చలేదు.

"మనవడికి మంచం చెయ్యాలిరా" అంది.

"కర్ర తెచ్చుకో అక్కా, చేసిపెడతా."

"నీ దగ్గర లేదా?"

"మీ ఊళ్ళోనే ఉందిగా" అన్నాడు. అరవలేదు, దెప్పినట్టు కూడా అనలేదు. మంచినీళ్ళు కావాలా అని అడిగినంత మామూలుగా అన్నాడు. తర్వాత, పట్నంలో కుర్చీలు బల్లలు అమ్మే షాపులో పనికి కుదిరానని చెప్పాడు. పై నెల వెళ్ళిపోతున్నాడు. అక్కడ కర్రల డిపో నుంచి కోసిన చెక్క వస్తుంది, మేకులు కొట్టి అతికించడమే పని. ఇంటికి తాళం వేసి తాళం చెవి పక్కింట్లో ఇస్తాడట.

ఆడదానికి పుట్టిల్లంటే గోడలు కాదు, గుమ్మంలో నిలబడి "వచ్చావా" అనే మనిషి. అమ్మా నాన్నా పోయాక ఆ మాట అనేవాడు తమ్ముడొక్కడే. ఇప్పుడు అతనూ వెళ్తే ఆవిడ ఇక ఎక్కడికి వెళ్ళాలి? ఇంకేం అడగకుండా పెరటి తలుపు తీసుకుని కొండవైపు నడిచింది.

కొండ లేదు. అంటే రాళ్ళున్నాయి, మట్టి ఉంది, చెట్లు లేవు. నాన్నతో ఎక్కిన దారిలో ఎండ నెత్తిన మండుతోంది. కొట్టేసిన మోళ్ళని వంగి చూసింది. నేలకి ఆనించి, ఏటవాలుగా కోసిన కోత. చప్పుడు తక్కువ, గార్డుకి దూరం నుంచి కనపడదు. ఆ కోత ఊళ్ళో ఆడవాళ్ళకి నేర్పింది ఎవరో కాదు, తనే. ఆవిడ అక్కడే ఒక రాయి మీద కూర్చుండిపోయింది.

తిరిగొచ్చి నేరుగా పాకకి వెళ్ళింది. గార్డుకి అప్పటికి జుట్టు నెరిసింది. "అవతలి కొండ సంగతి మీకు తెలుసా?" అని అడిగింది.

"తెలుసు."

"మరి నాకు చెప్పలేదేం?"

"అది నా హద్దు కాదు కదా" అన్నాడు ముందు. తర్వాత, "చెప్పాలనిపించలేదమ్మా. ఉద్యోగంలో చేరింది మొదలు తిట్లే తిన్నాను. మన కొండ పచ్చబడ్డాక నలుగురూ మెచ్చుకుంటున్నారు. చెప్తే అది పోతుందేమోనని" అన్నాడు. ఆవిడ తిట్టలేదు. తిడితే సగం తిట్లు తనకే తగుల్తాయి.

మర్నాడు ఇద్దరూ రేంజి ఆఫీసుకి వెళ్ళారు. గోడకి పటం వేలాడుతోంది. అందులో రెండు కొండలకీ రెండు రంగులు. గట్టు మీద గీత. రేంజరమ్మ అంతా విని, ఆ రోజు పొయ్యి గురించి వచ్చిన జవాబు ఊసెత్తలేదు. రెండు ఊళ్ళూ ఒకే సంఘంగా ఏర్పడితే రెండు కొండలూ ఒకటిగా చూసుకోవచ్చంది. అవతలి కొండని కొన్నేళ్ళు మూసెయ్యాలి. ఆ కొన్నేళ్ళూ రెండు ఊళ్ళ కట్టెలూ, ఆ ఊరి వడ్రంగం కర్రా అన్నీ ఈ కొండలోంచే రావాలి. "ప్రభుత్వం తరఫున నేను ఒప్పిస్తాను. కానీ ఇప్పుడు ఆ కర్రలో వాటా మీ ఊరిదమ్మా. మీ ఊరు ఒప్పుకోకపోతే నేను ఒక్క కొమ్మ కూడా కొట్టనివ్వలేను" అంది.

సమావేశం బడి అరుగు మీద పెట్టారు. మొదటి కోత వాటా కోసం ప్రతి ఇల్లూ ఎదురుచూస్తోంది. కొండత్త కోడలే వెనకగది కప్పుకి ఆ కోతలో వచ్చే వాసాల మీద ఆశ పెట్టుకుంది. టీకొట్టు పెద్దాయన లేచాడు. "ఎండనకా వాననకా కాపలా కాసింది మనం. ఇప్పుడు పక్క ఊరికి పంచమంటే ఎలా? సొమ్మొకడిది సోకొకడిదా?" అన్నాడు. చాలామంది తలలూపారు.

"సరిగ్గా చెప్పావు పెద్దాయనా" అంది కొండత్త. "సొమ్ము వాళ్ళది, సోకు మనది."

గోల మొదలైంది. పుట్టింటి మీద ప్రేమతో ఊరి ఆస్తి తరలిస్తోందని ఎవరో అన్నారు. ఆ మాట ఆవిడకి తగిలింది. అందులో నిజం లేకపోలేదు, తమ్ముడికోసమే వచ్చింది మరి. "అవును, నా పుట్టిల్లే" అంది. "మా తమ్ముడు పై నెల ఇంటికి తాళం వేస్తున్నాడు. నాకు ఏడుపొస్తోంది. మీకు రాకపోతే మానెయ్యండి." ఎంతో అనుకుని వచ్చింది, అంతా మరిచిపోయింది.

అప్పుడు ఆడవాళ్ళ వెనక వరస నుంచి కోడలు లేచింది. పెళ్ళయి వచ్చింది మొదలు అత్తకి ఎదురు చెప్పడమే తప్ప వంత పాడి ఎరగని పిల్ల. "మొదట్లో అక్కడ కొమ్మలు కొట్టుకునేవాళ్ళం. తర్వాత చెట్లు కొట్టాం. ఇప్పుడు మోళ్ళు తవ్వి తెస్తున్నాం" అంది, తల వంచుకునే. "మోడు తవ్వేస్తే మళ్ళీ చిగురు రాదని మా అత్తయ్యే చెప్తారు. నిన్న నేను తెచ్చింది కూడా మోడే."

ఊళ్ళో ఏ ఇంట్లో పొయ్యి దగ్గర చూసినా ఆ వేర్ల ముక్కలే ఉన్నాయి మరి. చివరికి పెద్దాయనే, "ఈ ఏడు కోత వాళ్ళతో పంచుకుందాం. పై ఏడు సంగతి అప్పుడు చూద్దాం" అన్నాడు. పూర్తిగా మనసొప్పి అన్న మాట కాదు. అయినా చేతులు లేచాయి. లేవనివీ ఉన్నాయి. కోడలు చెయ్యి లేపి, వెనకగది కప్పు గుర్తొచ్చి కాబోలు, ఒక్క నిట్టూర్పు విడిచింది.

కోత రోజున అవతలి ఊరి నుంచి నలుగురు వచ్చారు, వాళ్ళతో తమ్ముడూ వచ్చాడు. పట్నం షాపువాడికి ఇంకా మాటిచ్చే ఉన్నాడు. అక్క పిలిచింది కాబట్టి వచ్చాడు, అంతే. గార్డు సున్నం డబ్బా పట్టుకుని ముందు నడిచాడు. కొట్టదగ్గ చెట్లకి గుర్తు పెట్టాలి. దట్టంగా ఉన్నచోట పల్చన చెయ్యాలి, అది ఎలాగూ చెయ్యాల్సిన పనే. తమ్ముడికి కర్ర ఎంచుకోమన్నారు.

అతను చాలాసేపు తిరిగాడు. తిరిగి తిరిగి ఒక వంకర చెట్టు ముందు ఆగాడు. దానికి సున్నం రాయమన్నాడు. తర్వాత ఇంకోటి, అదీ వంకరదే, మొదట్లోనే చీలింది. మంచం కోడుకి పనికొచ్చే ముక్క అందులో జానెడు కూడా ఉండదు. వడ్రంగికి ఆ సంగతి తెలియక కాదు. కొండత్త చూస్తూ చూస్తూ ఓర్చుకోలేకపోయింది.

"ఏరా, కళ్ళు కనపడ్డంలేదా?" అంది. చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కెళ్ళింది. అక్కడ ఒక చెట్టుంది. నిటారుగా, ఒక్క కణుపు లేకుండా, కౌగిలిస్తే చేతులు అందేంత లావు. కాపలా మొదటి ఏడు చిగుళ్ళు తీస్తూ ఆవిడ తన చేత్తో ఉంచిన చిగురు అది. ఆ చెట్టంటే ఆవిడకి ఎంత ప్రాణమో ఊళ్ళో అందరికీ తెలుసు. ఫోటోలకి వచ్చినవాళ్ళని దాని పక్కనే నిలబెట్టేది. గార్డు సున్నం కుంచె ఎత్తబోయి ఆగిపోయాడు.

"ఇది వద్దక్కా" అన్నాడు తమ్ముడు. "ఇది నువ్వు పెంచింది."

"నీ కొండని తిని పెరిగిందిరా ఇది" అంది. "కొయ్యి."

తమ్ముడు అక్క మొహంలోకి చూశాడు. కొట్టం గుమ్మంలో కూర్చున్నప్పటి నుంచి అతని కళ్ళు ఆవిడ కళ్ళని తప్పించుకుంటూనే ఉన్నాయి. ఇప్పుడు తప్పించుకోలేదు. గార్డు దగ్గర కుంచె తీసుకుని తనే గుర్తు పెట్టాడు. రంపం ఒక కొస తను పట్టుకుని, రెండో కొస కోసం ఊరివాళ్ళవైపు చూశాడు. ఎవరూ కదల్లేదు. కొండత్త కొంగు బిగించి, ఎదురుగా కూర్చుని, రెండో పిడి పట్టుకుంది.

"నువ్వు లాగలేవక్కా" అన్నాడు.

"షాపువాడికి ఏం చెప్తావో ఆలోచించుకో" అంది ఆవిడ. "నా సంగతి నాకు తెలుసు."

రంపం కదిలింది. అటు ఒక లాగుడు, ఇటు ఒక లాగుడు. పొట్టు ఆవిడ ఒళ్ళో, అతని ఒళ్ళో రాలుతోంది. కొండత్తకి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. తమ్ముడు చూసి, ఆపమంటావా అని అడగలేదు. లాగుడు మాత్రం కాస్త నెమ్మది చేశాడు, అక్క చేతులు అలిసిపోకుండా.